ఆకాశంలో కుడివైపు మూల

శుభవార్త వచ్చేసరికి ఆమె కెమెరా నా బల్ల మీద నోరు తెరుచుకుని ఉంది. నా చేతిలో దుమ్ము ఊదే రబ్బరు బ్లోయరు ఉంది. ఆమె కౌంటరుకి అవతల స్టూలు మీద కూర్చుని, కాళ్లూపుతూ, మా గోడకి వేలాడే పాత కెమెరాలకి మనసులోనే మార్కులు వేస్తోంది.

ఫోను మోగింది.

"ఆఁ, నేనేనండీ... అవునండీ, ఆ బ్లాగు నాదే... ఏంటీ?"

స్టూలు కింద పడింది. ఆమె మాత్రం పడలేదు. గాల్లో ఉంది.

ఫోను పెట్టేసి, అడ్డొచ్చిన కుర్చీని ఒక్క దూకులో దాటి, మా మామయ్య రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. కొట్టు ఆయనది. ఆయన దగ్గరే నేను కెమెరా రిపేరు నేర్చుకున్నాను.

"బాబాయిగారూ! ఎగ్జిబిషనండీ! పెద్ద గ్యాలరీలో! 'తోడుపక్షి' సిరీస్ మొత్తం తీసుకున్నారట! పన్నెండు ఫొటోలు! ఒక్కొక్కటీ తలుపంత ప్రింటు వేస్తారట!"

"తలుపంత ప్రింటే! శుభం తల్లీ, శుభం," అన్నాడు మామయ్య. "నా చేతిలో స్క్రూడ్రైవరుంది, కాస్త నెమ్మదిగా ఊపు. కంట్లో గుచ్చుకుంటే నీ ఫొటోలు ఎలా చూడను?"

ఆ గదిలో సంతోషించలేనివాణ్ని నేనొక్కణ్నే.

ఎందుకంటే, సరిగ్గా అరనిమిషం ముందు నా కంప్యూటరు తెర మీద ఒక సంగతి చూశాను.

మామయ్యకో పద్ధతి ఉంది. ఏ కెమెరా ఏ జబ్బుతో వచ్చినా సరే, ముందు దాంతో ఓ తెల్ల కాగితాన్ని ఫొటో తీయాలి. ఆమె కెమెరా లెన్స్ రింగు బిగుసుకుపోయిందని తెచ్చింది. పద్ధతి ప్రకారం లెన్స్ కన్ను బాగా చిన్నది చేసి, అంటే పదహారు మీద పెట్టి, కాగితాన్ని క్లిక్ చేశాను. తెర మీద చూస్తే ఖాళీ కాగితం, పైన కుడివైపు మూల ఓ చిన్న నల్లటి పక్షి.

ఆ పక్షి నాకు బాగా తెలుసు. ఏడు నెలలుగా తెలుసు.

ఆమె ఆసుపత్రిలో ఎక్స్-రేలు తీస్తుంది. రోజుకి అరవైసార్లు "ఊపిరి బిగబట్టండి... ఇక వదలండి" అంటుంది. అందుకే బ్లాగుకి 'ఊపిరి బిగబట్టండి' అని పేరు పెట్టుకుంది. అందులో అన్నీ ఉంటాయి. ఎక్స్-రే గదిలో జోకులు, మందుల షాపు నడిపే వాళ్ల నాన్న (బ్లాగులో ఆయన పేరు 'డాక్టరు కాని డాక్టరు'), ఇంటికి అధ్యక్షురాలైన నాయనమ్మ, సెలవురోజున బస్సెక్కి చూసొచ్చిన ఊళ్లు, ఫొటోలు తీయడం నేర్చుకుంటూ చేసిన తప్పులు. ఒకసారి లెన్స్ మూత తీయకుండానే ఓ సరస్సు మొత్తం తీసుకొచ్చింది. 'చీకట్లో సరస్సు' అని ఆ నల్లటి ఫొటో కూడా పెట్టింది. అది చూసి నేను అన్నం పళ్లెం ముందు పొలమారి, మామయ్య చేత తల మీద మొట్టించుకున్నాను.

నేను చదవడం మొదలుపెట్టిన నెలలోనే కొండ మీద తీసిన ఫొటోలో పక్షి కనిపించింది. తర్వాతి వారం సముద్రం దగ్గర మళ్లీ అదే పక్షి. ఆ తర్వాత వంతెన మీద. నిలువు ఫొటోల్లో అది ఎడమ మూలకి వెళ్లేది. అటూ ఇటూ ఎగురుతోందనుకుంది పాపం. 'నేనెక్కడికి వెళ్లినా నాకంటే ముందే వచ్చి పైన కాచుకుంటుంది. ఒంటరిగా ప్రయాణించే అమ్మాయికి ఇంతకంటే ఏం తోడు కావాలి?' అని రాసింది. పదకొండు మంది చదివే బ్లాగు వేలమందికి చేరింది ఆ వాక్యంతోనే. నేను ఆ పదకొండు మందిలో ఒకణ్ని. ఆ సంగతి ఆమెకి తెలియదు. నేను ఒక్క కామెంటు కూడా పెట్టలేదు మరి.

ఇప్పుడు ఆ పక్షి నా తెల్ల కాగితం మీద వాలి ఉంది.

ఒక్క ఊదు. అంతే. కెమెరా లోపలి దుమ్ము కణం ఎగిరిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. ఆమె నవ్వుతూ వెళ్లిపోతుంది. మామయ్య తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు, చెప్పొద్దన్నట్టు తలూపాడు.

కానీ తలుపంత ప్రింటు! ఫోనులో వేలెడంత ఫొటోలో అది పక్షే. తలుపంత చేస్తే రెక్కలుండవు, ముక్కుండదు, ఓ మసక చుక్క ఉంటుంది. కెమెరా తెలిసినవాడెవడైనా దాని ముందు నిలబడి నవ్వుతాడు. ఆమె అక్కడే, కొత్త బట్టలు వేసుకుని, నిలబడి ఉంటుంది.

"ఒక్కమాట చెప్పాలండీ," అన్నాను.

"చెప్పండి, చెప్పండి! ఇవాళ మీరు తిట్టినా పొగిడినట్టే ఉంటుంది."

తెరని ఆమె వైపు తిప్పాను.

"ఇదేంటి?"

"తెల్ల కాగితం."

"అది కాదు, ఆ మూల..." ఆమె కళ్లు గుండ్రంగా అయ్యాయి. "నా పక్షి! నా పక్షి మీ కాగితం మీదకెలా వచ్చింది?"

"అది ఎక్కడికీ రాలేదండీ. ఎక్కడికీ పోలేదు కూడా. కెమెరాలోనే ఉంది. లోపల బొమ్మ పడే సెన్సారు పలక మీద దుమ్ము కణం."

ఆమె తెర మీది మచ్చని వేలితో తుడిచి చూసింది.

"నా పక్షి సంగతి మీకెలా తెలుసు?" అంది చివరికి.

"మీ బ్లాగు చదువుతాను. ఏడు నెలల నుంచీ."

"ఏడు నెలలూ నోరు మూసుకుని కూర్చుని, సరిగ్గా ఈ నిమిషంలో తెరవాలనిపించిందా? నేను ఎక్స్-రేలు తీస్తానండీ! మచ్చ మనిషిలో ఉందో, ప్లేటు మీద ఉందో చూసి చెప్పడం నా ఉద్యోగం. నాకు తెలియదా?"

ఏం చేయాలో తోచక, అలవాటు కొద్దీ బ్లోయరు ఎత్తాను.

"ఊదకండి!" అని అరిచింది. "దాని మీద చెయ్యేస్తే ఊరుకోను. ఇలా ఇవ్వండి నా కెమెరా."

"రింగు ఇంకా బిగుసుకునే..."

"ఉండనివ్వండి. నేనూ అలాగే ఉంటాను."

బయట వాన మొదలైంది. కెమెరాని కోటులో దాచుకుని, తను తడుస్తూ, వీధి దాటి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని వీధి చివరి వరకూ చూశాను. తిరగలేదు.

"నోరు లేనోడివని పేరు," అన్నాడు మామయ్య స్టూలు లేపి పెడుతూ. "తెరిస్తే ఇలా తెరుస్తావని తెలిస్తే ముందే కుట్టేసేవాణ్నిరా అల్లుడూ."

రెండు రోజులు బ్లాగులో కొత్త మాట లేదు. నేను ఒక కెమెరాకి ఇంకో కెమెరా మూత బిగించాను. ఫోను తీసి పేజీ పైకీ కిందకీ జరపడమే పనైపోయింది.

"అలా రుద్దకురా, బొమ్మలు అరిగిపోతాయి," అన్నాడు మామయ్య.

మూడో రోజు పొద్దున టపా వచ్చింది. పేరు 'పక్షి దొరికింది.'

'నిన్న మా ఇంట్లో తెల్లగోడని ఫొటో తీశాను. పక్షి ఉంది. ఫ్రిజ్ తలుపుని ఫొటో తీశాను. ఉంది. నాయనమ్మ దుప్పటిని ఫొటో తీశాను. "నా దుప్పటి మీద పక్షేమిటే, నిన్ననేగా ఉతికింది!" అని నాయనమ్మ నా మీదే ఎగిరింది. కాబట్టి ఒప్పుకుంటున్నాను. నా తోడుపక్షి ఒక దుమ్ము కణం. కొండ మీదకి నాతో వచ్చిందన్నాను. నిజంగానే వచ్చింది, నా సంచిలో కూర్చుని. రోజుకి అరవైమంది లోపలి మచ్చలు చూసేదాన్ని, నా కళ్లద్దాల మీద మచ్చ లాంటిది కనిపెట్టలేకపోయాను. ఇది ఆసుపత్రిలో ఎవరూ చదవకూడదని కోరుకుంటున్నాను. చదివితే రేపటి నుంచీ ఎక్స్-రే గది తలుపు తీసి "పక్షి ఉందా?" అని అడగనివాళ్లుండరు.

ఇవాళ గ్యాలరీకి వెళ్లి నిజం చెప్పి ఫొటోలు వెనక్కి తీసుకుంటాను. జీవితంలో మొదటిసారి నా పేరు ఒక గోడ మీద కనిపించబోయింది. సరే, గోడలెక్కడికి పోతాయి?

ఈ సంగతి కనిపెట్టిన దుమ్ము డాక్టరుగారు ఇది చదువుతారని తెలుసు. కామెంటు పెట్టరని కూడా తెలుసు.'

ఆ ఆఖరి వాక్యం మూడుసార్లు చదివాను. తర్వాత, ఏడు నెలల్లో మొదటిసారి, కింద ఉన్న ఖాళీ డబ్బాలో రాశాను: 'నేనూ వస్తాను.'

నిమిషంలో జవాబు. 'పదకొండింటికి. సాక్షిగా మాత్రమే. గొడుగు తెచ్చుకోండి.'

తెచ్చుకున్నాను. ఆమె కూడా తెచ్చుకుంది. చేతిలో గొడుగు ఉన్నందుకు మనిషి బాధపడగలడని అప్పుడే తెలుసుకున్నాను. పక్కపక్కన నడుస్తుంటే రెండు గొడుగులూ ఢీకొని, ఆమె గొడుగు మీది నీళ్లన్నీ నా మెడలో పడ్డాయి.

"సారీ," అంది, ఏమాత్రం సారీ లేకుండా.

"పర్లేదండీ."

"కావాలనే చేశాను."

"అదీ పర్లేదండీ."

పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోవడానికే అని నా నమ్మకం. కాదని ఇప్పటికీ వాదిస్తుంది.

గ్యాలరీ మేడమ్ కళ్లద్దాలు నుదుటి మీదకి తోసుకుని, టేపుతో గోడ కొలుస్తోంది. పన్నెండు ప్రింట్లూ అప్పటికే వచ్చేశాయి. తలుపంత ఫొటోలు, గోడలకి ఆనించి, వరసగా. వాటిని చూడగానే ఆమె అడుగు ఆగిపోయింది. అంతలోనే ధైర్యం తెచ్చుకుని, ఒక్క గుక్కలో మొత్తం చెప్పేసింది. దుమ్ము, తెల్ల కాగితం, ఫ్రిజ్, నాయనమ్మ దుప్పటి, అన్నీ.

"ఈయన సాక్షి," అంది నన్ను చూపిస్తూ. "కాబట్టి మేడమ్, ఆ పక్షి అబద్ధం. నా ఫొటోలు నాకిచ్చేయండి."

మేడమ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఏ పక్షి అమ్మా?"

"అదేనండీ... కుడి మూల..."

మేడమ్ కళ్లద్దాలు కిందకి దించుకుని, ఒక ఫొటో మీదకి వంగి వెతికింది. "ఓ, ఇదా? ప్రింటులో మచ్చ పడిందనుకుని, తీసేయమని ప్రింటరుకి కబురు కూడా పంపాను."

"మరి... పేరు 'తోడుపక్షి' అని..."

"కవిత్వం అనుకున్నాను. ఇదిగో, అసలు నువ్వీ మొహాల్ని ఎప్పుడైనా చూశావా?"

అప్పుడు చూశాం. ఇద్దరం. మొదటిసారి.

ఫొటో తీసి, తెర మీద పక్షి కనపడగానే ఆమె ఏం చేసేదో బ్లాగులో చాలాసార్లు రాసింది. పక్కనున్నవాళ్లని కేకేసేది. "అదిగో పక్షి! చూశారా?" వాళ్లు తలెత్తేవాళ్లు. ఆమె ఆకాశం కోసం మళ్లీ క్లిక్ చేసేది. "ఎగిరిపోయిందమ్మా," అనేవాళ్లు. ఆమె ఆకాశమే చూసుకుంది. నేనూ ఏడు నెలలు ఆకాశమే చూశాను. కింద మనుషులున్నారని మాకిద్దరికీ తట్టలేదు.

కొండ మీద ఐస్‌క్రీము బండాయన, చేతిలోది కరిగి మణికట్టు మీద కారుతున్నా తెలియకుండా పైకి చూస్తున్నాడు. సముద్రం దగ్గర ఒకావిడ తడిజుట్టు వెనక్కి తోసుకుంటూ ఆగిపోయింది. వంతెన మీద ట్రాఫిక్ పోలీసు నోట్లో విజిలు పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు. బస్టాపులో పోట్లాడుకుంటున్న ముసలి మొగుడూపెళ్లాలు, పోట్లాట సగంలో ఆపి, ఒకే వైపు నోరు తెరిచి చూస్తున్నారు. పైగా ఆయన చూపుడువేలు పట్టుకుని ఆవిడే "అటు కాదు, ఇటు" అన్నట్టు సరిచేస్తోంది.

"మనిషి ముందు కెమెరా పెడితే బిగుసుకుపోతాడు," అంది మేడమ్. "ముప్ఫయ్యేళ్లుగా చూస్తున్నాను. వీళ్లలో ఒక్కరూ బిగుసుకోలేదు. అందరూ ఏదో మంచిది కనిపిస్తుందని ఎదురుచూస్తున్నారు. ఎలా తీశావమ్మా?"

ఆమె గొంతు చాలా చిన్నగా వచ్చింది. "అదిగో పక్షి అన్నానండీ. నమ్మారు."

మేడమ్ నవ్విన నవ్వుకి కళ్లద్దాలు ముక్కు మీద నుంచి జారి టేపు మీద పడ్డాయి. "ఇదిగో, ఈ కథంతా ఒక కాగితం మీద రాసి తీసుకురా. మొదటి ఫొటో పక్కనే పెడతాను. ప్రింటరుకి మళ్లీ చెప్తాను, ఆ మచ్చలు ముట్టుకోవద్దని. ఫొటోలు మాత్రం నీకు తిరిగివ్వను. కావాలంటే పోలీసులకి చెప్పుకో."

బయటికొచ్చి ఆమె తడి మెట్ల మీదే కూర్చుండిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో అర్థం కాలేదు. వానలో రెండూ ఒకటే.

"పన్నెండు ఫొటోల్లోనూ నేను తప్పుచోటే చూశాను," అంది.

"నేనూ అంతేనండీ. దుమ్ము కనిపెట్టానని గొప్పగా అనుకున్నాను. మనుషుల్ని చూడలేదు."

"అయితే మీరు సగం డాక్టరే."

"సగమే."

లేచి నిలబడి తన గొడుగు ముడిచేసింది. వాన తగ్గలేదు. నేరుగా నా గొడుగు కిందకొచ్చి, "పదండి, మీ కొట్టుకి. ఇప్పుడు ఊదుదురు గాని," అంది.

మమ్మల్ని చూడగానే మామయ్య చెప్పులేసుకున్నాడు. "టీ తాగొస్తా." జన్మలో టీ ముట్టని మనిషి.

ఆమె సంచిలోంచి తీసిచ్చిన కెమెరాని తలకిందులుగా పట్టుకున్నాను, ఊదిన దుమ్ము కిందకి రాలేలా. ఆమె నా భుజం పక్కన వంగి చూస్తోంది. ఆమె జుట్టు నుంచి ఒక వాన చుక్క నా మోచేతి మీద పడింది. చెయ్యి వణకకూడదు. సెన్సారు దగ్గర చెయ్యి వణికితే వేల రూపాయల నష్టం.

"ఊపిరి బిగబట్టండి," అన్నాను.

"అది నా డైలాగు!"

"మీ ఊపిరి తగులుతోందండీ. నాక్కాదు... అంటే, సెన్సారుకి."

బిగబట్టింది. ఒక్క ఊదు. తెల్ల కాగితాన్ని మళ్లీ తీశాను. తెర నిండా తెలుపు. మూల ఖాళీ.

"ఇక వదలండి," అన్నాను.

వదిలింది. కాసేపు ఆ ఖాళీ మూలనే చూసింది. "ఒకటి అడగనా? ఏడు నెలలు కామెంటు ఎందుకు పెట్టలేదు?"

"రోజూ రాసేవాణ్ని. చెరిపేసేవాణ్ని."

"ఏం రాసేవారు?"

"చాలా బాగుంది అని."

"అంతేనా? ఆ రెండు మాటలకి ఏడు నెలలా?"

"అది ఫొటో గురించి కాదండీ."

లెన్స్ చేతిలోకి తీసుకుని రింగు అటూ ఇటూ తిప్పబోయింది. అది బిగుసుకునే ఉంది. ఆమె చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఇది బాగు చేయడానికి ఎన్ని రోజులు పడుతుంది?" అంది నన్ను చూడకుండా.

"గంట చాలండీ."

"ఎగ్జిబిషన్ దాకా పెట్టుకోండి. రోజూ వచ్చి అయిందా అని అడుగుతాను."

రోజూ వచ్చింది. పన్నెండు రోజులు. మామయ్య పన్నెండుసార్లు టీ తాగడానికి వెళ్లాడు.

ఎగ్జిబిషన్ సాయంత్రం గ్యాలరీలో కాలు పెట్టే చోటు లేదు. మొదటి ఫొటో పక్కన ఆమె రాసిన కాగితం చదివి జనం పకపకా నవ్వేవాళ్లు. తర్వాత ఫొటోల దగ్గరికి వెళ్లి నిశ్శబ్దంగా నిలబడేవాళ్లు. తమకి తెలియకుండానే తలెత్తి గ్యాలరీ పైకప్పు కేసి చూసేవాళ్లు. గోడ మీద అరచేయంత అక్షరాల్లో ఆమె పేరు ఉంది. ఆసుపత్రి నుంచి ఎక్స్-రే గది మొత్తం వచ్చింది. పెద్ద డాక్టరుగారు ఆమె చెయ్యి పట్టుకుని ఊపుతూ, "ఇక నుంచి నీ రిపోర్టులు ఇంకా నమ్ముతానమ్మా, తప్పు ఒప్పుకునేదానివి కదా," అన్నారు. ఆమె మొహం చూడాలి! బల్బులన్నీ ఆర్పేసినా గ్యాలరీకి ఇబ్బంది ఉండేది కాదు.

నేను ఒక స్తంభం పక్కన నిలబడి అదే చూస్తున్నాను. భుజం మీద చెయ్యి పడింది.

"నువ్వేనా దుమ్ము డాక్టరువి?"

'డాక్టరు కాని డాక్టరు'గారు. పక్కనే నాయనమ్మగారు, నన్ను తల నుంచి కాళ్ల దాకా చూస్తూ.

"అవునండీ."

"మా అమ్మాయి రాసిందంతా చదివావట. నా గురించి రాసినవి కూడానా?"

"అన్నీ చదివానండీ."

"నా దగ్గుమందులో నేనే చక్కెర కలుపుకున్న సంగతి?"

ఏం చెప్పాలి? "అది... రెండుసార్లు చదివానండీ."

నాయనమ్మగారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కుమంది. "అబద్ధం చేతకాదురా వీడికి!"

"నువ్వు చెప్పిన నిజానికి నా కూతురు రెండురోజులు అన్నం తినలేదు," అన్నారాయన గంభీరంగా.

"తప్పేనండీ."

"తప్పని నేనన్నానా? చేదుగా ఉందని మందు ఇవ్వడం మానేస్తామా? ఆ ముక్క అందరికంటే నాకు బాగా తెలుసు." చుట్టూ ఉన్న ఫొటోలకేసి, జనంకేసి, గోడ మీది పేరుకేసి చూశారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. "ఇంతమందిని తలెత్తి చూసేలా చేసింది నా కూతురు."

ఈలోగా ఆమె జనాన్ని తోసుకుంటూ వచ్చేసింది. "నాన్నా, ఏం అడుగుతున్నారు? భయపెట్టారా?"

"నేనా? అతనే నన్ను భయపెట్టాడు. దగ్గుమందు దాకా వెళ్లాడు."

"సరే, వినండి అందరూ," అంది ఆమె. గెలిచినవాళ్లకి ఉండే ధీమా ఆ గొంతులో ఉంది. "రేపు పొద్దున తొమ్మిదింటికి మీరు షాపుకి తాళం వేస్తున్నారు నాన్నా. నాయనమ్మా, నువ్వు మంచి చీర కట్టుకుంటున్నావు. మనం ముగ్గురం వీళ్ల కొట్టుకి వెళ్తున్నాం. నేనే మాట్లాడతాను."

"ఏం మాట్లాడతావే?" అంది నాయనమ్మగారు, తెలిసి తెలిసే.

"పెళ్లి గురించి. నాకూ, ఈయనకీ." అప్పుడు నా వైపు తిరిగింది. "మీకేమైనా అభ్యంతరమా? ఇంకో ఏడు నెలలు ఆలోచించుకుంటారా?"

"లేదండీ," అన్నాను. ఇంత వేగంగా జీవితంలో ఏ మాటా అనలేదు.

ఎప్పుడొచ్చాడో ఏమో, మామయ్య మా వెనకే నిలబడి ఉన్నాడు. గొంతు సవరించుకుని, 'డాక్టరు కాని డాక్టరు'గారికి నమస్కారం పెట్టాడు.

"తొమ్మిదా? మరీ ఆలస్యం బావగారూ. రేపు నేను ఏడున్నరకే కొట్టు తెరుస్తున్నాను."